నీడల కొలువు – 9: ముగ్గురు యజమానులు, ఒకే సరుకు

గత సంచికలో అడ్మిరల్ కనారిస్ కథ ఉరికంబం దగ్గర ముగిసింది. 1945 ఏప్రిల్ 9 తెల్లవారుజామున ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో హిట్లర్ మనుషులు తమ సొంత గూఢచార అధిపతికే ఉరి బిగించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో గూఢచార అధికారికీ హిట్లర్ నుంచి ఉత్తర్వు అందింది. ఇతని మెడ నిలిచింది, ఉద్యోగం మాత్రం ఊడింది. అలా ఉద్యోగం పోగొట్టుకున్నవాడు పదకొండేళ్లు తిరిగేసరికి పశ్చిమ జర్మనీ విదేశీ గూఢచార సంస్థకు తొలి అధ్యక్షుడై కూర్చున్నాడు. అతని పేరు రైన్‌హార్ట్ గేలెన్. ఈసారి కథ అతనిది.

కొండ దిగిన జనరల్

1945 మే 22. యూరప్‌లో తుపాకులు ఆగి రెండు వారాలైంది. బవేరియా కొండల్లో, ష్లీర్‌జే సరస్సుకు పైన, పశువుల కాపరులు ఎండాకాలం తలదాచుకునే పాక ఒకటి ఉంది. ఆ చోటు పేరు ఎలెండ్స్‌ఆల్మ్. జర్మన్‌లో ‘ఎలెండ్’ అంటే దైన్యం. అక్కడ కొన్ని వారాలుగా దాక్కుని ఉన్న జర్మన్ అధికారుల చిన్న గుంపు ఆ రోజు కిందికి దిగివచ్చి అమెరికా సైన్యానికి లొంగిపోయింది. గుంపు పెద్దకు 43 ఏళ్లు. బక్కపలుచని మనిషి. చెవులు విప్పారి ఉంటాయి. చూస్తే బడిపంతులు అనుకోవచ్చు, సేనాపతి అని మాత్రం ఎవరూ అనుకోరు.

తాను మేజర్ జనరల్‌నని, ఎర్ర సైన్యం గురించిన సమాచారం తన దగ్గర ఉందని, పెద్ద అధికారులతో మాట్లాడాలని అతను చెప్పుకున్నాడు. ఎదుట ఉన్న అమెరికన్లు చెవిన పెట్టలేదు. ఆ మే నెలలో బవేరియాలో ఏ రాయి ఎత్తినా ఒక జర్మన్ జనరల్ కనిపించేవాడు. అందరిదీ ఒకటే పాట: ‘నా దగ్గర ముఖ్యమైన సంగతులున్నాయి.’ ఇతన్నీ మిగతా ఖైదీలతో కలిపి ఒక శిబిరం నుంచి మరో శిబిరానికి తిప్పారు.

గేలెన్ తొందరపడలేదు. ఎందుకంటే అతని సరుకు భూమిలో భద్రంగా ఉంది. మూడేళ్లపాటు సోవియట్ సైన్యం మీద కూడబెట్టిన ఫైళ్లను మైక్రోఫిల్ములుగా తీయించి, ఉక్కు పెట్టెల్లో పెట్టి, ఆల్ప్స్ కొండల్లో వేర్వేరు చోట్ల పాతిపెట్టించాడు. పెట్టెలు యాభై అని తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. రష్యాతో అమెరికా స్నేహం ఎక్కువకాలం నిలవదని, అది చెడిన రోజు ఆ పెట్టెలకు ధర పలుకుతుందని అతని లెక్క. జీవితంలో అతను వేసిన అంచనాలు చాలా తప్పాయి. ఈ ఒక్కటి తప్పలేదు. ఆ ఒక్కటే అతన్ని నిలబెట్టింది.

లక్షమంది సైన్యంలో ఒక చోటు

గేలెన్ 1902 ఏప్రిల్ 3న ఎర్‌ఫుర్ట్‌లో పుట్టాడు. పెరిగింది బ్రెస్లౌలో. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో వ్రోత్స్‌వాఫ్ అనే పేరుతో ఉంది. తండ్రి సైన్యం వదిలి పుస్తక ప్రచురణలోకి వచ్చిన మనిషి. కొడుకు మాత్రం 1920లో బడి చదువు ముగియగానే సైన్యం వైపు నడిచాడు. వెర్సాయ్ సంధి జర్మన్ సైన్యాన్ని లక్షమందికి కుదించిన కాలమది. నాలుగేళ్ల యుద్ధం చూసి వచ్చిన అధికారులే వీధిన పడుతుంటే, కొత్త కుర్రాడికి చోటు దొరకడమే గొప్ప. ఫిరంగి దళంలో చేరి 1923లో లెఫ్టినెంట్ అయ్యాడు. తర్వాత పదేళ్లూ పదోన్నతులు నత్తనడకే.

1931లో అతను చేసుకున్న పెళ్లి అతని సామాజిక హోదాను ఒక మెట్టు పైకి లేపింది. భార్య హెర్తా ఫన్ జైడ్లిట్స్-కుర్ట్స్‌బాఖ్ పేరుమోసిన ప్రష్యన్ సైనిక వంశపు ఆడపడుచు. హిట్లర్ అధికారంలోకి వచ్చి సైన్యాన్ని పెంచడం మొదలుపెట్టేసరికి గేలెన్ స్టాఫ్ అధికారుల శిక్షణలో ఉన్నాడు. అక్కడి నుంచి జనరల్ స్టాఫ్‌లోకి చేరాడు. 1940లో సైనిక ప్రధానాధికారి ఫ్రాన్స్ హాల్డర్ దగ్గర పనిచేసి ఆయన కంట్లో పడ్డాడు. రష్యా మీద దండయాత్రకు వేసిన పథకంలోనూ అతని చెయ్యి ఉంది.

ఆ నౌకరీలో అతను చూపిన గుణం ఒక్కటే: బల్లమీది పని. యుద్ధరంగంలో దళాన్ని నడిపిన పేరు అతనికి లేదు. కాగితాన్ని క్రమంలో పెట్టడం, పెట్టిన కాగితాన్ని పైవాడికి నచ్చేలా అందించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

లెక్క తప్పినవాడి కుర్చీ

జర్మన్ సైన్యంలో సోవియట్ బలాన్ని అంచనా వేసే విభాగం పేరు ‘ఫ్రెమ్డె హీరె ఓస్ట్’. అంటే, ‘విదేశీ సైన్యాలు – తూర్పు’. 1941 జూన్‌లో రష్యా మీద పడ్డప్పుడు దాని అధిపతి కర్నల్ ఎబర్‌హార్ట్ కింట్సెల్. ఏడు వారాలు గడిచేసరికి, ఆగస్టు 11న, హాల్డర్ తన డైరీలో తల పట్టుకున్నాడు. రష్యన్లకు 200 డివిజన్లుంటాయనుకుని దిగితే, అప్పటికే 360 లెక్క తేలాయి. ఆ శీతాకాలం జర్మన్లు మాస్కో వాకిట్లో దెబ్బతిని వెనక్కి వచ్చారు. ఎవరో ఒకరి కుర్చీ ఖాళీ కావాలి. కింట్సెల్‌ది అయింది. 1942 ఏప్రిల్ 1న ఆ కుర్చీలోకి గేలెన్ వచ్చాడు. అప్పటికి అతనికి గూఢచార అనుభవం దాదాపు సున్నా. రష్యన్ భాష రాదు.

వచ్చీరాగానే విభాగాన్ని తిరగరాశాడు. భాషావేత్తలను, భూగోళ శాస్త్రం, ఆర్థిక శాస్త్రం తెలిసినవాళ్లను చేర్చుకున్నాడు. సోవియట్ దళాలకు, వాటి సేనాధిపతులకు విడివిడిగా కార్డులు తెరిపించాడు. పట్టుబడ్డ సైనికుడి జేబులోని ఉత్తరం, పొలంలో కూలిన విమానం మీది నంబరు, చెవిన పడ్డ వైర్‌లెస్ పిలుపు, అన్నీ ఏదో ఒక కార్డు మీదికి ఎక్కాల్సిందే. ప్రతిరోజూ శత్రు పరిస్థితి మీద తీరైన నివేదిక, రంగురంగుల పటాలతో, పై అధికారుల బల్ల మీద ఉండేది.

ఆ కార్డుల్లో అత్యధిక భాగం యుద్ధఖైదీల నోటి నుంచి రాబట్టినది. ఆ ఖైదీల గతి ఏమిటో కూడా చెప్పుకోవాలి. జర్మన్ల చేతికి చిక్కిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలు. వారిలో 33 లక్షల మంది దాకా ఆకలితో, చలితో, రోగాలతో, తూటాలతో చనిపోయారు. నోరు విప్పితే పిడికెడు తిండి దొరికే చోట సమాచారం ఎలా వస్తుందో ఊహించుకోవచ్చు. గేలెన్ జ్ఞాపకాల్లో ఈ సంగతికి దక్కిన చోటు బహు తక్కువ.

ఇంతకీ ఆ నివేదికలు నిజం చెప్పాయా? 1942 శరత్కాలం చూద్దాం. వోల్గా ఒడ్డున స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ 6వ సైన్యం ఇరుక్కుని ఉంది. నవంబరు 6న గేలెన్ విభాగం తేల్చిన మాట: రష్యన్ల పెద్ద దాడి మధ్య రంగం మీద, అంటే మాస్కో వైపు వస్తుంది. నవంబరు 12న, రుమేనియా 3వ సైన్యం మీద కూడా ఏదో ఒక దాడి ఉండొచ్చని ఒక వాక్యం చేర్చింది. ఎంత పెద్దదో, ఎప్పుడో తేల్చలేదు. వారం తిరిగేసరికి, నవంబరు 19న, ఎర్ర సైన్యం ఆ రుమేనియన్లనే తొక్కుకుంటూ వచ్చి 6వ సైన్యాన్ని చుట్టేసింది. 1943 ఫిబ్రవరి నాటికి అందులో మిగిలి లొంగిపోయినవారు సుమారు 91,000.

దీని వెనక మాస్కో ఎత్తు కూడా ఉంది. ‘మాక్స్’ అనే మారుపేరుతో మాస్కో నుంచి జర్మన్లకు వైర్‌లెస్ కబుర్లు పంపే ఏజెంటు ఒకడుండేవాడు. అసలు పేరు అలెగ్జాండర్ దెమ్యానోవ్. అతను మొదటి నుంచీ సోవియట్ రహస్య పోలీసుల మనిషి. మధ్య రంగంలో దాడి జరగబోతోందన్న నిజమైన కబురునే అతని ద్వారా జర్మన్లకు చేర్చి, వాళ్ల చూపును స్టాలిన్‌గ్రాడ్ మీద నుంచి మళ్లించామని సోవియట్ గూఢచార అధికారి పావెల్ సుడోప్లాతోవ్ చాలా ఏళ్ల తర్వాత రాశాడు.

1944లోనూ అదే వరస. ఎండాకాలపు దాడి ఉక్రెయిన్ వైపు నుంచి వస్తుందని గేలెన్ విభాగం అంచనా. ట్యాంకుల్లో ఎక్కువ భాగం అటు కదిలాయి. జూన్ 22న దాడి బెలారూస్‌లో వచ్చింది. జర్మన్ మధ్య రంగంలో 28 డివిజన్లు కొన్ని వారాల్లో చితికిపోయాయి. ఒకే పోరులో ఇంతకంటే పెద్ద దెబ్బ జర్మన్ సైన్యం తినలేదు.

ఇంత జరిగినా గేలెన్ కుర్చీ కదల్లేదు. పొరపాటు వెనకే ‘మేం ముందే సూచించాం’ అని చూపడానికి అతని ఫైళ్లలో ఎప్పుడూ ఒక వాక్యం ఉండేది. 1944 జూలై 20న హిట్లర్ మీద బాంబు పేలినప్పుడు అతను జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నాడు. కుట్రదారుల్లో కొందరు అతనికి బాగా తెలిసినవారే. అనుమానం మాత్రం అతని మంచం దాకా రాలేదు. డిసెంబరులో మేజర్ జనరల్ హోదా వచ్చింది.

నిజం చెప్పినందుకు వేటు

వింత ఏమంటే, గేలెన్ లెక్క బాగా కుదిరిన రోజునే అతనికి చీవాట్లు పడ్డాయి. 1944 క్రిస్మస్ నాటికి పోలండ్‌లో విస్తులా నది వెంబడి రష్యన్లు ఎంత బలగం పోగేశారో అతని విభాగం అంకెలు వేసింది. సైనిక ప్రధానాధికారి హైన్స్ గుడేరియన్ వాటిని పట్టుకుని హిట్లర్ దగ్గరికి వెళ్లాడు. చెంఘిజ్ ఖాన్ కాలం తర్వాత ఇంత పెద్ద బూటకం లేదని హిట్లర్ కొట్టిపారేశాడు. జనవరిలో మళ్లీ పటాలు పరిస్తే, వీటిని తయారుచేసినవాడిని పిచ్చాసుపత్రిలో పడేయమన్నాడు. అలాగైతే నన్నూ పడేయండి అన్నాడు గుడేరియన్. ఈ సంభాషణ ఆయన జ్ఞాపకాల్లో ఉంది. జనవరి 12న రష్యన్లు కదిలారు. నెలాఖరుకు బెర్లిన్‌కు 70 కిలోమీటర్ల దూరంలో ఓడర్ నది ఒడ్డున ఉన్నారు.

ఏప్రిల్‌లో హిట్లర్ గేలెన్‌ను తీసేసి, అతని కింద పనిచేసిన గెర్‌హార్ట్ వెస్సెల్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. వెస్సెల్ పేరు గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

గేలెన్ అప్పటికే తన దారి చూసుకున్నాడు. బాడ్ ఎల్‌స్టర్ అనే చిన్న ఊళ్లో వెస్సెల్, రష్యా రంగంలో ఏజెంట్లను నడిపిన హెర్మన్ బౌన్, గేలెన్ ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు: జర్మనీ ఓడిపోతోంది, మన ఫైళ్లతో అమెరికా దగ్గరికి పోదాం. ఆ మాట బయటికి పొక్కి ఉంటే ముగ్గురికీ కనారిస్ గతే పట్టేది.

కొనేవాడు దొరికాడు

శిబిరాలు తిరుగుతున్న ఖైదీని చివరికి వీస్‌బాడెన్‌లో కెప్టెన్ జాన్ బోకర్ అనే అమెరికన్ అధికారి గుర్తించాడు. బోకర్‌కు రష్యా మీద నమ్మకం తక్కువ, పట్టుదల ఎక్కువ. ఇతర శిబిరాల్లో చెల్లాచెదురైన గేలెన్ మనుషులను ఒకచోటికి చేర్చాడు. పాతిపెట్టిన పెట్టెలను తవ్వించాడు. అన్నిటికంటే ముఖ్యంగా, సోవియట్ ప్రభుత్వం అడిగితే అప్పగించాల్సి వస్తుందని ఖైదీల జాబితాల్లోంచి వాళ్ల పేర్లనే తీయించేశాడు. అమెరికా సైనిక గూఢచార అధికారి బ్రిగేడియర్ జనరల్ ఎడ్విన్ సైబర్ట్ వెన్ను తట్టాడు. 1945 ఆగస్టులో గేలెన్‌ను, కొద్దిమంది సహచరులను విమానమెక్కించి వాషింగ్టన్ పక్కనున్న ఫోర్ట్ హంట్‌కు తీసుకెళ్లారు. యుద్ధకాలంలో ఆ శిబిరానికి పేరు కూడా లేదు. దాని చిరునామా ఒక పోస్టుబాక్సు నంబరు: 1142.

దాదాపు ఏడాది అక్కడే ఉండి, 1946 జూలైలో తిరిగివచ్చాడు. ఈసారి అతను ఖైదీ కాడు, అమెరికా సైన్యపు ఖర్చుతో నడిచే ఒక రహస్య సంస్థకు పెద్ద. మొదటి మకాం ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి ఓబర్‌ఊర్సెల్. సైబర్ట్‌కూ తనకూ మధ్య కుదిరిన ఒప్పందం కేవలం నోటిమాట అని గేలెన్ చెప్పుకున్నాడు: డబ్బు అమెరికాది, పెత్తనం జర్మన్లది, జర్మనీకి సొంత ప్రభుత్వం వచ్చిన రోజున ఎవరితో ఉండాలో సంస్థే తేల్చుకుంటుంది. ఏడాది కిందట ఉరికి భయపడ్డవాడికి ఇది మంచి బేరమే.

1947లో కొత్తగా పుట్టిన సీఐఏకు ఈ బేరం మొదట రుచించలేదు. కానీ 1948 జూన్‌లో స్టాలిన్ బెర్లిన్ దారులు మూసేశాడు. రష్యన్ల బలగం ఎంత, విమానాలు ఎన్ని, యుద్ధం వస్తుందా అని వాషింగ్టన్ ఆత్రంగా అడుగుతున్న రోజులు. సోవియట్ వైమానిక దళపు వైర్‌లెస్ మాటలను చెవొగ్గి వింటున్నది గేలెన్ మనుషులు. రష్యా చెరల నుంచి రైళ్లలో తిరిగివస్తున్న జర్మన్ ఖైదీలను వేల సంఖ్యలో కూర్చోబెట్టి, ఏ ఊళ్లో ఏ కార్ఖానా ఉంది, దాని పొగగొట్టాలు ఎన్ని అని రాసుకుంటున్నదీ వాళ్లే. జేమ్స్ క్రిచ్‌ఫీల్డ్ అనే సీఐఏ అధికారి వచ్చి అంతా పరిశీలించి, సంస్థను మూసేయడం కంటే తీసుకోవడమే మేలని రాశాడు. 1949 జూలై 1న సీఐఏ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. సీఐఏ ఫైళ్లలో సంస్థకు పెట్టిన సంకేత నామం ‘జిప్పర్’. గేలెన్‌కు పెట్టినది ‘యుటిలిటీ’, అంటే ఉపయోగం.

బోర్మన్ ఇంట్లో కాపురం

1947 డిసెంబరులోనే సంస్థ మ్యూనిక్‌కు దక్షిణాన ఈజార్ నది పక్కనున్న పుల్లాఖ్‌కు మారింది. చుట్టూ పెద్ద గోడ, లోపల చెట్లు, ఇళ్లు. హిట్లర్ కాలంలో నాజీ పార్టీ పెద్దల కుటుంబాల కోసం కట్టిన కాలనీ అది. హిట్లర్ ఆంతరంగికుడు మార్టిన్ బోర్మన్ ఉన్న భవనమే కొత్త అధిపతి నెలవైంది. ఈ బోర్మన్ కూడా కథలోకి తిరిగి వస్తాడు.

గోడ లోపల అదొక వేరే ఊరు. అందరికీ మారుపేర్లే. గేలెన్ ‘డాక్టర్ ష్నైడర్’. పక్క గదివాడి అసలు పేరు అడగడం తప్పు. మనుషులను చేర్చుకునే పద్ధతి మాత్రం పాత పల్లెటూరి పద్ధతే: తెలిసినవాడు తెలిసినవాడిని తెస్తాడు. గేలెన్ బంధువులకూ అందులో కొలువులు దొరికాయి. సైన్యంలోని పాత స్నేహితులు వచ్చారు, వాళ్ల వెంట నాజీ దళమైన ఎస్ఎస్‌లో, రహస్య పోలీసు గెస్టపోలో పనిచేసినవాళ్లూ వచ్చారు. గతం గురించి ఎవరూ గట్టిగా అడగలేదు. కమ్యూనిస్టు వ్యతిరేకి అయితే చాలు.

ఆ ఉదాసీనత ఎంతదూరం వెళ్లిందో 2011 ప్రాంతంలో బయటపడ్డ పాత ఫైళ్లు చూపించాయి. లక్షలాది మంది యూదులను మృత్యు శిబిరాలకు చేర్చిన అడాల్ఫ్ ఐక్‌మన్ అర్జెంటీనాలో మారుపేరుతో ఉన్నాడని 1952 నాటికే సంస్థ కార్డొకటి చెబుతోంది. ఇజ్రాయెల్ అతన్ని పట్టుకున్నది 1960లో. మధ్యలో ఎనిమిదేళ్లు ఆ కార్డు పెట్టెలోనే పడివుంది. విషవాయువుతో మనుషులను చంపే వ్యాన్ల వెనకున్న వాల్టర్ రౌఫ్ 1958 నుంచి 1962 దాకా ఇదే సంస్థకు దక్షిణ అమెరికాలో జీతగాడు. ‘ల్యోన్ కసాయి’గా పేరుపడ్డ క్లాస్ బార్బీ 1966లో బొలీవియా నుంచి కబుర్లు పంపాడు.

ఛాన్సలర్ గారి జనరల్

1949లో పశ్చిమ జర్మనీ పుట్టింది. ఛాన్సలర్ కొన్రాడ్ ఆడెనావర్. ఆయన కార్యాలయంలో కుడిభుజం హన్స్ గ్లోబ్కె. యూదుల పౌరహక్కులు తీసేసిన న్యూరెంబర్గ్ చట్టాలకు ఒకప్పుడు అధికారిక వ్యాఖ్యానం రాసిన వాళ్లలో ఈయన ఒకడు. గేలెన్‌కు మూడో యజమాని ఎవరో తెలిసిపోయింది. గ్లోబ్కె తలుపు తడితే ఛాన్సలర్ తలుపు తెరుచుకుంటుంది.

గేలెన్ ఉనికి అప్పటికి పూర్తి రహస్యం కూడా కాదు. 1952 మార్చిలో లండన్ పత్రిక డైలీ ఎక్స్‌ప్రెస్‌లో సెఫ్టన్ డెల్మర్ అతని పేరు బయటపెట్టాడు. 1953 చివర్లో తూర్పు జర్మనీవాళ్లు గేలెన్ ఏజెంట్లను గుంపులుగా పట్టుకుని పత్రికల వాళ్లకు చూపించారు. ఎన్ని దెబ్బలు తగిలినా ప్రచారం మాత్రం పెరిగింది. 1954 సెప్టెంబరులో డేర్ ష్పీగెల్ వారపత్రిక ‘ఛాన్సలర్ ప్రియమైన జనరల్’ అంటూ ముఖచిత్ర కథనం వేసింది. ముందు తెలియనివాడికీ తెలిసిపోయింది, జర్మనీలో సర్వం చూసే కన్ను ఒకటి ఉందని.

1956 ఏప్రిల్ 1న సంస్థ అమెరికా చేతి నుంచి పశ్చిమ జర్మనీ ప్రభుత్వానికి మారి ‘బుండెస్‌నాఖ్‌రిఖ్టెన్‌డీన్‌స్ట్’ అయింది. పొడి అక్షరాల్లో బీఎన్‌డీ. గేలెన్ దానికి అధ్యక్షుడు. పద్నాలుగేళ్ల కిందట ఇదే ఏప్రిల్ 1న హిట్లర్ సైన్యంలో అతను తూర్పు విభాగం కుర్చీ ఎక్కాడు. చూసేది అదే రష్యా, చూసేవాళ్లలో చాలామంది అదే మనుషులు.

బీఎన్‌డీ విదేశాలను చూడాలి, దేశంలోని రాజకీయాల జోలికి పోకూడదు. ఆ గీత ఎంత సులువుగా చెరిగిందో బీఎన్‌డీ తన చరిత్రను రాయించడానికి 2011లో నియమించిన స్వతంత్ర చరిత్రకారుల కమిషన్ బయటపెట్టింది. అందులోని క్లాస్-డీట్‌మార్ హెంకె 2022లో ప్రచురించిన భాగం ప్రకారం, ప్రతిపక్షమైన సోషల్ డెమొక్రాటిక్ పార్టీ నాయకత్వంలోని మాటలు 1953 నుంచి 1962 దాకా గేలెన్ మనుషుల ద్వారా గ్లోబ్కెకు, అక్కడి నుంచి ఆడెనావర్‌కు చేరాయి. ఎన్నికల్లో ఎదుటిపక్షం ఏం అనుకుంటోందో ముందే తెలిసిన ఛాన్సలర్, ఆ కబురు తెచ్చినవాడి రష్యా అంచనాలను నిలదీయాల్సిన అవసరం ఏముంది?

ఇంటి దొంగ

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పుల్లాఖ్‌లో ఆ దొంగకే ఇంటి తాళాలు అప్పగించారు.

హైన్స్ ఫెల్ఫె డ్రెస్డెన్‌వాడు, పాత ఎస్ఎస్ అధికారి. 1951లో సోవియట్ గూఢచార సంస్థ (తర్వాతి పేరు కేజీబీ) అతన్ని తనవాడిగా చేసుకుంది. అదే ఏడాది చివర్లో, పాత స్నేహితుడు హన్స్ క్లెమెన్స్ సిఫారసుతో గేలెన్ సంస్థలో చేరాడు. క్లెమెన్స్ అప్పటికే ఆ సోవియట్ సంస్థ మనిషి. తెలిసినవాడు తెలిసినవాడిని తెచ్చే పద్ధతి ఇక్కడ రష్యాకు పనికొచ్చింది. ఫెల్ఫె మంచి పేరు తెచ్చుకోవడానికి కేజీబీ అప్పుడప్పుడు తన సొంత సమాచారాన్నే, కొన్నిసార్లు తన చిన్నచిన్న ఏజెంట్లనే బలిపెట్టింది. అతను చూపిన ‘విజయాలు’ చూసి గేలెన్ మురిసిపోయాడు. క్రమంగా ఫెల్ఫె సోవియట్ గూఢచారులను పట్టుకునే విభాగానికే పెద్ద అయ్యాడు. అంటే, దొంగను పట్టాల్సినవాడే దొంగ. 1956లో బీఎన్‌డీ బృందంతో కలిసి అమెరికా వెళ్లి సీఐఏ ఆతిథ్యం కూడా తీసుకున్నాడు.

గుట్టు విప్పింది జర్మన్లు కాదు. మిఖాయిల్ గోలెన్యెవ్‌స్కీ అనే పోలండ్ గూఢచార అధికారి పశ్చిమానికి అందించిన కబురది. 1956లో అమెరికా వెళ్లిన బీఎన్‌డీ బృందంలో ఇద్దరు తమవాళ్లేనని ఒక కేజీబీ పెద్ద గొప్పలు చెప్పుకున్నాడట. ఆ దారం పట్టుకుని లాగితే ఫెల్ఫె దొరికాడు. 1961 నవంబరు 6న పుల్లాఖ్‌లోనే అరెస్టు చేశారు. అప్పటికే పదేళ్లయింది. వేలాది పత్రాల ఫొటోలు, దాదాపు వందమంది సీఐఏ ఏజెంట్ల వివరాలు తూర్పుకు చేరిపోయాయి. 1963లో 14 ఏళ్ల శిక్ష పడింది. 1969లో ఖైదీల మార్పిడిలో తూర్పు జర్మనీకి వెళ్లి, తర్వాత బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో నేర పరిశోధన శాస్త్రం బోధించాడు.

ఆ దెబ్బ మానకముందే ఇంకొకటి తగిలింది. 1962 అక్టోబరులో డేర్ ష్పీగెల్ జర్మన్ సైన్యపు బలహీనతల మీద ఒక వ్యాసం వేసింది. రక్షణ మంత్రి ఫ్రాన్స్ యోజెఫ్ స్ట్రౌస్ దేశద్రోహం అన్నాడు. పత్రిక కార్యాలయం మీద పోలీసులు పడ్డారు. సంపాదకుడు రుడోల్ఫ్ ఔగ్‌స్టైన్ 103 రోజులు జైల్లో ఉన్నాడు. ఆ పత్రికతో సంబంధమున్న బీఎన్‌డీ కర్నల్ అడాల్ఫ్ విఖ్ట్‌ను కూడా పట్టుకున్నారు. పత్రికను ముందే హెచ్చరించింది గేలెనే అని ఆడెనావర్‌కు అనుమానం. గేలెన్ ఛాన్సలర్ కార్యాలయంలో పిలుపు కోసం కూర్చుని ఉండగా, అతన్ని అరెస్టు చేయమని ఆడెనావర్ న్యాయశాఖ మంత్రిని అడిగాడు. ఆధారం చాలదని మంత్రి ఒప్పుకోలేదు. స్ట్రౌస్ పదవి పోయింది, మరుసటి ఏడాది ఆడెనావర్ దిగిపోయాడు. గేలెన్ మాత్రం ఇంకో ఐదేళ్లకు పైగా కుర్చీలో ఉన్నాడు, చల్లబడిపోయిన కుర్చీలో.

నల్ల కళ్లద్దాల మనిషి

1966లో మన థియేటర్లలో కృష్ణ ‘గూఢచారి 116’గా తుపాకీ పట్టి విలన్ల డెన్లు పేలుస్తున్నాడు. అదే సమయంలో పుల్లాఖ్‌లో 64 ఏళ్ల అసలు గూఢచార అధిపతి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కెమెరాకు ముఖం చాటేస్తూ, ఫైళ్ల మీద సంతకాలు పెడుతున్నాడు. అతని ఫొటో దొరకడమే కష్టం. పత్రికలు యుద్ధకాలపు పాత బొమ్మనే ఏళ్లతరబడి వేసుకున్నాయి. ఆ కనపడకపోవడమే అతని పేరును పెంచింది.

1968 ఏప్రిల్ చివర్లో గేలెన్ పదవీ విరమణ చేశాడు. దేశం అతనికి పెద్ద పతకం ఇచ్చింది. అతని తర్వాత వచ్చినవాడు గెర్‌హార్ట్ వెస్సెల్. అవును, 1945 ఏప్రిల్‌లో హిట్లర్ సైన్యంలో అతని కుర్చీ అందుకున్న వెస్సెలే. ఒకే మనిషి కుర్చీని ఒకే మనిషి, 23 ఏళ్ల తేడాతో, రెండు వేర్వేరు రాజ్యాల్లో రెండుసార్లు అందుకోవడం గూఢచార చరిత్రలో అరుదు. అదే 1968 సెప్టెంబరులో మన దేశంలో విదేశీ గూఢచార సంస్థ ‘రా’ ఏర్పడింది. దాని తొలి అధిపతి రామేశ్వర్‌నాథ్ కావ్ పోలీసు సర్వీసు మనిషి. సైనికుడికే ఈ కొలువు ఇవ్వాలన్న నియమం ఎక్కడా లేదు. జర్మనీలో అది సైన్యపు పాత పరిచయాల దారిన వచ్చింది.

గేలెన్ దిగిన వెంటనే ప్రభుత్వం రైన్‌హోల్ట్ మెర్కర్ నేతృత్వంలో ఒక సంఘాన్ని వేసి పుల్లాఖ్‌ను లోపలినుంచి చూడమంది. 1969లో అందిన ఆ నివేదిక బంధుప్రీతిని, చివరి ఏళ్లలోని అస్తవ్యస్త నిర్వహణను ఎత్తిచూపింది. దాన్ని చాలా ఏళ్లు దాచి ఉంచారు. జనానికి దొరికింది 1971లో వచ్చిన గేలెన్ ఆత్మకథే. అందులో ఒక సంచలనం: 1945లో మాయమైన మార్టిన్ బోర్మన్ నిజానికి సోవియట్ గూఢచారి, యుద్ధం తర్వాత రష్యాలో బతికాడు! ఏళ్లతరబడి బోర్మన్ ఇంట్లో కూర్చుని సంస్థను నడిపినవాడు చెప్పిన మాట కదా, పత్రికలు ఎగబడ్డాయి. 1972 డిసెంబరులో బెర్లిన్‌లో లేర్టర్ రైల్వే స్టేషన్ దగ్గర తవ్వుతుంటే రెండు అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి బోర్మన్‌ది. 1998లో డీఎన్‌ఏ పరీక్ష దాన్ని ఖాయం చేసింది. బెర్లిన్ కూలిన రోజుల్లోనే, 1945 మే ఆరంభంలో, అతను అక్కడ చచ్చిపోయి ఉన్నాడు.

గేలెన్ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. స్టార్న్‌బెర్గ్ సరస్సు ఒడ్డున బెర్గ్ గ్రామంలోని ఇంట్లో 1979 జూన్ 8న కన్నుమూశాడు.

అంతకు మూడు నెలల ముందు, మార్చిలో, డేర్ ష్పీగెల్ ముఖచిత్రం మీద ఇంకో మనిషి ఫొటో పడింది. పుల్లాఖ్ ఫైళ్లలో అతని పేరు ఇరవయ్యేళ్లకు పైగా ఉంది, ముఖం మాత్రం లేదు. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ పక్క గదిలోనే తన మనిషిని కూర్చోబెట్టి, 1974లో ఆ ఛాన్సలర్ రాజీనామాకు కారణమైనవాడు అతను. తూర్పు జర్మనీ గూఢచార అధిపతి మార్కుస్ వోల్ఫ్ కథ వచ్చే సంచికలో.